బడికి వెళ్లనంటున్న పిల్లవాడు: ప్రవర్తనను వివరించే సిద్ధాంతాల్లో దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలి?

ఉదయం ఏడున్నర. పదేళ్ల పిల్లవాడు మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఒక కాలికి మేజోడు ఉంది, రెండోది చేతిలో నలుగుతోంది. కడుపులో నొప్పి అంటున్నాడు. నిన్నా ఇదే మాట, మొన్నా ఇదే మాట. వైద్యులు పరీక్షించి శరీరంలో ఏ జబ్బూ లేదన్నారు. అలాగని నొప్పి అబద్ధం కాదు. ముఖం పాలిపోయి ఉంది, అరచేతులు చెమటతో తడిసి ఉన్నాయి. తొమ్మిదిన్నర దాటి, ఇవాళ్టికి ఇక బడి లేదని తేలిపోయాక ఆ నొప్పి దానంతట అదే తగ్గిపోతుంది.

ఈ పిల్లవాణ్ని ఉదాహరణ కోసం నేను కల్పించుకున్నాను. మనోవిజ్ఞానశాస్త్రంలో కొత్తగా అడుగుపెట్టినవారు ఫ్రాయిడ్, స్కిన్నర్, రోజర్స్, బెక్ అంటూ వరసగా పేర్లు చదువుకుని, చివరికి “ఇంతకీ వీళ్లలో ఎవరు చెప్పింది నిజం?” అని అడుగుతారు. పిల్లల గురించి బెంగపడే తల్లిదండ్రులూ, ఏ రకం కౌన్సెలింగ్‌కు వెళ్లాలో తేల్చుకోలేనివారూ వేరే మాటల్లో అదే అడుగుతారు. ఈ పిల్లవాడి మంచం పక్కన కాసేపు నిలబడి చూస్తే, ఒక్కో సిద్ధాంతం ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతోందని అర్థమవుతుంది. అందుకే ముందు మీ ప్రశ్న ఏమిటో తేల్చుకోండి. సిద్ధాంతాన్ని ఆ తర్వాత ఎంచుకోవచ్చు.

జంతు ప్రవర్తనను జీవితాంతం గమనించిన నీకో టింబర్గెన్ 1963లో ఈ సంగతిని ఎంతో స్పష్టంగా విడమరిచాడు. పక్షి ఎందుకు పాడుతుంది? దాని మెదడులో, హార్మోన్లలో వచ్చే మార్పు వల్ల అనవచ్చు. చిన్నప్పుడు పెద్ద పక్షుల పాట విని నేర్చుకోవడం వల్ల అనవచ్చు. జోడీని పిలవడానికి, తన హద్దును కాపాడుకోవడానికి అనవచ్చు. దాని పూర్వజాతుల నుంచి ఆ పాట ఇలా పరిణమించింది కాబట్టి అనీ అనవచ్చు. నాలుగూ నిజమే. ఒకటి నిజమైనంత మాత్రాన ఇంకొకటి అబద్ధం కాదు. మనిషి ప్రవర్తన మీద జరిగే వాదాల్లో సగం, ఇద్దరు రెండు వేర్వేరు ‘ఎందుకు’లకు జవాబు చెబుతూ, ఒకే ప్రశ్న మీద పోట్లాడుతున్నామని అనుకోవడం వల్లే పుడుతున్నాయి.

మిగతా సగం నిజమైన పోటీ. ఒకే సంఘటనకు ఒకే రకమైన కారణం చెబుతూ రెండు సిద్ధాంతాలు ఎదురుబొదురుగా నిలబడినప్పుడు ఏదో ఒకదాన్ని వదులుకోక తప్పదు. దానికి హాన్స్ కథను మించిన పాఠం నాకు కనిపించలేదు.

ఒక గుర్రం, రెండు వివరణలు

మనసు లోతుల్లో దాగిన కోరికలను వెతికే మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1909లో ఒక అయిదేళ్ల బాలుడి చికిత్సా వివరాలు ప్రచురించాడు. హాన్స్ అన్న మారుపేరుతో ప్రసిద్ధుడైన ఆ బాలుడికి గుర్రాలంటే భయం. వీధిలోకి రావడానికే జంకేవాడు. చికిత్స నడిపింది చాలావరకు తండ్రే. ఆయన పంపిన వివరాలే ఫ్రాయిడ్‌కు ఆధారం, ఆ కాలంలో బాలుణ్ని ఫ్రాయిడ్ చికిత్స కోసం చూసింది ఒక్కసారే. తల్లి మీది మమకారం, తండ్రి మీది అసూయ, తండ్రి తనను శిక్షిస్తాడేమోనన్న భయం అన్నీ కలిసి గుర్రం మీదికి మళ్లాయని ఫ్రాయిడ్ తేల్చాడు.

1960లో జోసెఫ్ వోల్పే, స్టాన్లీ రాక్‌మన్ అవే వివరాలను మళ్లీ చదివారు. బండి లాగుతున్న గుర్రం ఒకటి కిందపడి కాళ్లు కొట్టుకోవడం హాన్స్ కళ్లారా చూశాడు. తన భయం అప్పుడే మొదలైందని ఆ బాలుడే చెప్పాడు. బరువైన బండ్లు లాగే గుర్రాలంటే అతనికి మరింత భయం. ఇది నేర్చుకున్న భయం, దీనికి తండ్రి మీది అసూయతో పనిలేదు అన్నది వారి వాదన.

ఇక్కడ నేను రెండో పక్షాన ఉంటాను. కారణం చెబుతాను. నేర్చుకున్న భయమే అయితే, ఏ గుర్రాన్ని చూస్తే ఎక్కువ భయపడాలో, దేన్ని చూస్తే తక్కువ భయపడాలో ముందే చెప్పవచ్చు. ఆ అంచనా తప్పితే వివరణ కూడా తప్పుతుంది. ఫ్రాయిడ్ వివరణకు ఆ ప్రమాదం లేదు. బాలుడు ఒప్పుకుంటే అది రుజువు, ఒప్పుకోకపోతే మనసు దాన్ని అణచిపెట్టిందనడానికి ఇంకో రుజువు. ఏం జరిగినా తప్పు కాలేని వివరణ మనకు కొత్తగా ఏమీ చెప్పదని తత్వవేత్త కార్ల్ పాపర్ మనోవిశ్లేషణ మీద పెట్టిన అభ్యంతరం ఇదే. సిద్ధాంతాన్ని ఎంచుకునేటప్పుడు నేను మొట్టమొదట చూసేది కూడా అదే: ఇది తప్పని తేలాలంటే ఏం కనబడాలి?

అయినా ఆ సంప్రదాయాన్ని మొత్తంగా పక్కన పెట్టేయడం పొరపాటు. మనసును అచిత్తు, అహం, అధ్యహం అని మూడు భాగాలుగా విడదీసిన ఫ్రాయిడ్ పటం పరీక్షలకే మిగిలిపోయినా, అదే చెట్టుకు పుట్టిన ఒక కొమ్మ గట్టిగా నిలబడింది. జాన్ బౌల్బీ మనోవిశ్లేషకుడిగా శిక్షణ పొందినవాడే. బిడ్డకూ పెంచేవారికీ మధ్య అనుబంధం ఎలా ఏర్పడుతుందన్న ప్రశ్నను ఆయన ఊహల్లోంచి పరిశీలనలోకి తెచ్చాడు. మేరీ ఎయిన్స్‌వర్త్ ఏడాది వయసు పిల్లలను తల్లి కాసేపు విడిచి వెళ్లి తిరిగి వచ్చినప్పుడు ఏం చేస్తారో గమనించి, ఆ అనుబంధాన్ని కొలవవచ్చని చూపించింది. 1973లో వచ్చిన రచనలో బౌల్బీ బడి భయం గురించి కూడా రాశాడు. చాలామంది పిల్లల్లో అది బడి అంటే భయం కాదు, తాను లేనప్పుడు ఇంట్లో అమ్మకు ఏమవుతుందోనన్న భయం అన్నాడు. మన పిల్లవాడి ఇంట్లో ఈమధ్య ఎవరైనా జబ్బుపడ్డారా, పెద్దల మధ్య గొడవలు జరిగాయా అని అడగాలని మనకు గుర్తుచేసేది ఈ దృక్పథమే.

పెద్దల విషయంలో దీన్ని ఎప్పుడు ఎంచుకోవాలంటే, మనుషులు మారినా కథ మారనప్పుడు. ఉద్యోగం మారినా అదే అధికారితో అదే తగాదా, కొత్త స్నేహంలోనూ అదే అనుమానం, అదే విడిపోవడం. తనకు మంచిది ఏమిటో తెలిసీ దానికి విరుద్ధంగానే నడుచుకోవడం. అలాంటి చోట “నిన్న ఏం జరిగింది” అన్న ప్రశ్న చాలదు.

ముందు ఏం జరిగింది, వెంటనే ఏం దక్కింది?

మనసులో ఏముందో పక్కనపెట్టి పైకి కనబడే ప్రవర్తననే గమనించాలనే ప్రవర్తనావాదానికి పేరు పెట్టి జెండా ఎత్తింది జాన్ వాట్సన్, 1913లో. 1920లో ఆయన, రోసలీ రేనర్ కలిసి ఆల్బర్ట్ అని పిలిచిన పసివాడికి తెల్ల ఎలుకను చూపిస్తూ, వెనక ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టి, ఎలుకంటే భయం నేర్పారు. ఆ భయాన్ని తీసేయకుండానే ప్రయోగం ముగించారు. చదివిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది. దానికి ప్రాయశ్చిత్తంలా అనిపించేది మేరీ కవర్ జోన్స్ 1924లో ప్రచురించిన పని. కుందేలంటే భయపడే పీటర్ అనే చిన్న పిల్లవాడు ఇష్టమైనది తింటూ ఉండగా, ఆమె కుందేలును రోజురోజుకూ కొంచెం కొంచెం దగ్గరికి తెచ్చింది. చివరికి అతను దాన్ని తాకి ఆడుకున్నాడు. భయాల చికిత్సలో నేటికీ వాడే మెట్లు మెట్లుగా ఎదుర్కొనే పద్ధతికి ఇది తొలి రూపాల్లో ఒకటి.

మన పిల్లవాడి దగ్గరికి వస్తే, ఈ దృక్పథం అతని మనసులో ఏముందని అడగదు. నొప్పికి ముందు ఏం జరిగింది, నొప్పి తర్వాత ఏం జరిగింది అని అడుగుతుంది. ముందు: బడి సంచి కనబడింది. తర్వాత: బడి తప్పింది. భయపెట్టేది తొలగిపోవడమే ఇక్కడ బహుమతి. దీన్ని పాఠ్యపుస్తకాలు రుణ పునర్బలనం అంటాయి. ‘రుణ’ అన్న మాట చూసి చాలామంది దీన్ని శిక్ష అనుకుంటారు. అది పొరపాటు. శిక్ష ప్రవర్తనను తగ్గిస్తుంది, రుణ పునర్బలనం పెంచుతుంది. ఇంట్లో ఉంచిన ప్రతి రోజూ మర్నాటి నొప్పికి బలం చేకూరుతుంది. పిల్లవాడు నటిస్తున్నాడని దీని అర్థం ఎంతమాత్రం కాదు. నేర్చుకోవడానికి ఉద్దేశం ఉండనక్కర్లేదు.

ఒకే ప్రవర్తనకు వేర్వేరు ప్రయోజనాలు ఉండవచ్చు. బడి మానడం మీద పనిచేసిన క్రిస్టఫర్ కీర్నీ, వెండీ సిల్వర్‌మన్ నాలుగింటిని గుర్తించారు. బడిలో బాధ కలిగించే దేన్నో తప్పించుకోవడం, నలుగురిలో మాట్లాడటమో పరీక్షలో వంటివాటి నుంచి తప్పుకోవడం, ఇంట్లోవారి దగ్గరితనం పొందడం, బడి బయట దొరికే ఆటపాటలు దక్కించుకోవడం. బయటికి నాలుగూ ఒకే కడుపునొప్పిలా కనబడతాయి. చేయవలసిన పని మాత్రం నాలుగింటికీ వేరు. సలహాలు ఫలించకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇక్కడే ఉంటుంది: భయంతో వెళ్లని పిల్లవాడికి ఆటలు మాన్పించడం, ఆటల కోసం వెళ్లని పిల్లవాణ్ని బుజ్జగించడం.

ఇంకో మాట కూడా చెప్పాలి. అలవాటైన ఫలితం ఆగిపోగానే ప్రవర్తన తగ్గే ముందు తరచు పెరుగుతుంది. మొదటి రెండు మూడు రోజులు ఏడుపు రెట్టింపు కావచ్చు. ఆ సంగతి తెలియక మూడో రోజు మనసు కరిగి ఆపేస్తే, గట్టిగా ఏడిస్తే పని జరుగుతుందని నేర్పినట్లవుతుంది.

ఈ దృక్పథానికి హద్దులు ఉన్నాయి, వాటిని బయటపెట్టింది ఎలుకలే. 1930లో టోల్మన్, హాన్‌జిక్ ప్రయోగంలో పది రోజులు ఏ బహుమతీ లేకుండా చిక్కుదారుల్లో తిరిగిన ఎలుకలు, పదకొండో రోజు తిండి పెట్టగానే, మర్నాటికల్లా రోజూ తిండి దొరికిన ఎలుకలతో సమానంగా దారి పట్టాయి. అంటే బహుమతి లేకుండానే నేర్చుకున్నాయి, బయటికి కనబడలేదంతే. 1966లో గార్సియా, కోలింగ్ ఇంకో దెబ్బ కొట్టారు. ఎలుకలు కడుపులో వికారాన్ని రుచితో ముడిపెట్టాయి కానీ వెలుగుతో, చప్పుడుతో ముడిపెట్టలేదు. దేన్ని దేనితోనైనా జతచేసి నేర్పవచ్చన్న నమ్మకం అక్కడితో పోయింది.

మనసులో నడిచే మాట

టోల్మన్ ఎలుకల తలలో ఏదో పటం ఉందని ఒప్పుకున్నాక, మనిషి తలలో ఏముందని అడగక తప్పదు. ఆలోచనలు ఎలా పనిచేస్తాయో చూసే సంజ్ఞానాత్మక దృక్పథం ఆ ప్రశ్నతోనే బలపడింది. కుంగుబాటుతో ఉన్నవారి మాటలు వింటూ 1960లలో ఆరన్ బెక్ గమనించింది ఇది: సంఘటనకూ బాధకూ నడుమ చటుక్కున మెరిసే ఒక ఆలోచన ఉంటుంది. ఆ మనిషి దాన్ని ఆలోచనగా కాక నిజంగానే తీసుకుంటాడు. మన పిల్లవాడి తలలో అది “తప్పు చదివితే అందరూ నవ్వుతారు” కావచ్చు. ఆ అంచనాను నెమ్మదిగా పరీక్షకు పెట్టడం ఇక్కడ చికిత్స. నిజంగా ఎంతమంది నవ్వారు? నవ్వితే ఏమైంది? పిల్లల ఆందోళనకు ఇవాళ విరివిగా సిఫారసు చేసే సంజ్ఞానాత్మక ప్రవర్తనా చికిత్స ఈ ప్రశ్నలనూ, జోన్స్ మెట్లనూ కలిపి వాడుతుంది.

ఈ దృక్పథం నుంచి తల్లిదండ్రులు తీసుకోవలసిన పాఠం మరొకటి ఉంది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కార్లు ఢీకొన్న దృశ్యాలు చూపించి వేగం ఎంత అని అడిగారు. ప్రశ్నలో “గుద్దుకున్నప్పుడు” అన్న తీవ్రమైన మాట వాడితే సగటున గంటకు 40.5 మైళ్లు అన్నారు, “తగిలినప్పుడు” అంటే 31.8 అన్నారు. చూసింది ఒకే దృశ్యం. ఒక్క క్రియాపదం జ్ఞాపకాన్ని అంత కదిలించింది. అందుకని పిల్లవాణ్ని “ఎవరు కొట్టారు?” అని అడగకండి. “పొద్దున బడిలోకి అడుగుపెట్టినప్పటి నుంచి ఏమేం జరుగుతుందో చెప్పు నాన్నా” అనండి. చెప్పడం ఆపినచోట మీరు మాట అందించకండి.

శరీరం, పుట్టుక

జెరోమ్ కేగన్ నాలుగు నెలల పసివాళ్లకు కొత్త బొమ్మలు, వాసనలు, చప్పుళ్లు చూపించి గమనించాడు. దాదాపు 20 శాతం మంది కాళ్లూ చేతులూ గట్టిగా ఆడిస్తూ ఏడ్చారు. మిగతా పిల్లలతో పోలిస్తే వాళ్లలో ఎక్కువమంది తర్వాతి ఏళ్లలో కొత్తవారి ముందు బెరుకుగా ఉన్నారు, కానీ అందరూ కాదు. ఇంత చిన్న పరిశీలనలోనే జీవశాస్త్ర దృక్పథం బలమూ హద్దూ రెండూ ఉన్నాయి. పుట్టుకతో వచ్చిన స్వభావం దిక్కు చూపిస్తుంది. గమ్యాన్ని మాత్రం అదొక్కటే నిర్ణయించదు. ఆందోళనలో వంశపారంపర్యం పాలు 30 నుంచి 50 శాతం అని చదివినప్పుడు, “నా బిడ్డ భయంలో సగం జన్యువులదే” అనుకోకండి. ఆ సంఖ్య ఒక జనాభాలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల గురించి చెబుతుంది, ఒక మనిషి లోపలి వాటాల గురించి కాదు.

పరిణామ దృక్పథం దీనికి దగ్గరి చుట్టం. ప్రయోగశాలలో పెరిగి, పామును ఎన్నడూ చూడని కోతులు, మరో కోతి బొమ్మపామును చూసి బెదిరే దృశ్యం చూసి ఆ భయం నేర్చుకున్నాయని, పూలను చూసి బెదిరినట్లు కూర్చిన దృశ్యం చూపిస్తే నేర్చుకోలేదని సుసాన్ మినెకా, మైకేల్ కుక్ చూపించారు. కొన్ని భయాలు ఎందుకంత సులువుగా అంటుకుంటాయో దీనితో తెలుస్తుంది. మన పిల్లవాడి సోమవారం గురించి మాత్రం ఇది ఏమీ చెప్పలేదు. ఒక వ్యక్తికి సాయం చేయాలనుకున్నప్పుడు దీన్ని ఎంచుకోకండి.

శరీరాన్ని ముందు చూడవలసిన సందర్భాలు మాత్రం ఉన్నాయి. మార్పు ఉన్నట్టుండి వచ్చినా, నిద్ర, ఆకలి, బరువు, జ్ఞాపకశక్తి కలిసి దెబ్బతిన్నా, కొత్త మందు మొదలుపెట్టాక ప్రవర్తన మారినా మొదట వైద్యుల దగ్గరికే వెళ్లాలి. మెదడులో కణితి ఉన్నవారికి ఆలోచనలు సరిదిద్దుతూ కూర్చోవడం ఘోరం.

చుట్టూ ఉన్నవాళ్లు

పైవన్నీ పిల్లవాడి చర్మానికి లోపలే వెతుకుతున్నాయని గమనించారా? ప్రవర్తనావాదం కూడా అతని చుట్టూ నాలుగడుగుల్లోనే చూస్తుంది. 1951లో సాలమన్ ఆష్ గీతల పొడవు పోల్చమన్నాడు. గదిలో మిగతా అందరూ కావాలని తప్పు చెప్పినప్పుడు, కీలకమైన జవాబుల్లో దాదాపు మూడో వంతు ఆ తప్పు వైపే మొగ్గాయి. కళ్లెదుట ఉన్న గీత విషయంలోనే ఇలా ఉంటే, ఒకరిని వెలివేయాలని తరగతి మొత్తం తీర్మానించుకున్నప్పుడు ఒక పిల్లవాడు ఎంతకని నిలబడతాడు? పరిస్థితి బలాన్ని తక్కువగా, మనిషి స్వభావాన్ని ఎక్కువగా అంచనా వేసే మన అలవాటుకు లీ రాస్ 1977లో పేరు కూడా పెట్టాడు. అదే బడిలో అదే తరగతి పిల్లలు మరో ఇద్దరు కూడా మానేస్తున్నారంటే, కౌన్సెలింగ్ కావలసింది పిల్లవాడికి కాదు.

ఈ వైపు నుంచి వచ్చిన ఇంకో హెచ్చరిక మొత్తం శాస్త్రానికే వర్తిస్తుంది. మనోవిజ్ఞాన ప్రయోగాల్లో పాల్గొన్నవారు అత్యధికంగా పాశ్చాత్య, సంపన్న, విద్యావంత సమాజాలవారేనని, వారిని చూసి మానవజాతి అంతటికీ తీర్మానాలు చేయడం తగదని 2010లో జోసెఫ్ హెన్రిక్, మరో ఇద్దరు రాశారు. ఏ సిద్ధాంతాన్ని ఎంచుకున్నా, దాన్ని ఎవరి మీద పరీక్షించారో చూడండి.

ప్రతి మనిషిలోనూ ఎదగాలన్న తపన ఉంటుందనే మానవతావాద దృక్పథం గురించి రెండు మాటలు. మాస్లో పేరుతో అందరూ గీసే మనిషి అవసరాల పిరమిడ్ ఆయన 1943 వ్యాసంలో లేదు, తర్వాతివారు గీసింది. వివరణగా ఈ దృక్పథం బలహీనం. మనిషి ఎదుగుదలను కోరుకుంటాడంటే, ఎప్పుడు కోరుకోడో అది చెప్పలేదు. అయితే 1957లో కార్ల్ రోజర్స్ చెప్పిన మూడు గుణాలు, అంటే ఎదుటివారి లోపలి నుంచి చూడటం, షరతులు లేకుండా గౌరవించడం, మనం మనలాగే నిజాయితీగా ఉండటం, లేనిచోట మిగతా పద్ధతులేవీ నాలుగు రోజులు నడవవు. కారణం వెతకడానికి రోజర్స్ చాలడు. వెతుకుతున్నంతసేపూ ఎలా ప్రవర్తించాలో ఆయన దగ్గరే నేర్చుకోవాలి.

మరి ఎంపిక?

మీరు విద్యార్థి అయి, వ్యాసానికో పరిశోధనకో దృక్పథం ఎంచుకుంటుంటే, మీ ప్రశ్నకు ఏ రకం ఆధారం మీ చేతికి అందుతుందో చూడండి. నెల రోజుల్లో ముప్పై మందిని గమనించగలిగినవారు అచేతనం మీద, అంటే మనకే తెలియకుండా మనసులో దాగి ఉండేదాని మీద, ప్రతిపాదన రాయకండి. ప్రవర్తననో ఆలోచననో తీసుకోండి, తప్పని తేలగలిగే ఊహ రాయండి. మీకు మీరే సాయం వెతుక్కుంటున్నట్లయితే, సమస్య నిర్దిష్టంగా ఉంటే, అంటే భయం, నిద్రలేమి, మానలేని అలవాటు వంటివైతే, సంజ్ఞానాత్మక ప్రవర్తనా పద్ధతితో మొదలుపెట్టండి. సమస్య పేరు చెప్పలేనిదై, అన్ని బంధాల్లోనూ తిరిగి తిరిగి వస్తుంటే, బంధాల చరిత్రను పట్టి చూసే పద్ధతి వైపు వెళ్లండి. చికిత్స చేసేవారిని “ఇది పనిచేయడం లేదని మనకు ఎలా తెలుస్తుంది, ఎన్నాళ్లకు తెలుస్తుంది?” అని అడగడానికి మొహమాటపడకండి.

అన్నీ కలిపేస్తే సరిపోదా అనవచ్చు. జార్జ్ ఎంగెల్ 1977లో శరీరం, మనసు, సమాజం మూడూ కలిపి చూడమన్నాడు, ఆ మాట సరైనదే. కానీ “అన్నీ కొంచెం కొంచెం కారణం” అనడం దగ్గర ఆగిపోతే అది జవాబు కాదు. వరస కావాలి. నా వరస ఇది: మొదట శరీరం, ఎందుకంటే అక్కడ ఆలస్యం ప్రమాదం. తర్వాత ముందువెనకల లెక్క, ఎందుకంటే దానికి ఒక నోటు పుస్తకం చాలు, తప్పయితే రెండు వారాల్లో తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆలోచనలు, చుట్టూ ఉన్నవాళ్లు. బాల్యం, బంధాల లోతులు అప్పటికీ జవాబు దొరకనప్పుడు.

ఆ పిల్లవాడి తల్లి అలాంటి పుస్తకం ఒకటి రాసిందనుకుందాం. ఎడమ వైపు తేదీ, వారం, లేచిన వేళ, నొప్పి ఎంత. కుడి వైపు ఆ రోజు బడిలో ఏయే పాఠాలు ఉన్నాయి, ఇంట్లో ఏం జరిగింది. రెండు వారాల తర్వాత తిరగేస్తే, రెండు బుధవారాల్లోనూ నొప్పి గడి ఖాళీగా ఉంది. బుధవారం భాషా పాఠం లేదు. లేచి నిలబడి గట్టిగా చదవమని ఎవరూ అడగరు. ఆ సాయంత్రం ఆమె ఏమీ ప్రశ్నించకుండా పాఠం పుస్తకం తెరిచి పిల్లవాడి పక్కన కూర్చుంది. అతను మూడో వాక్యం దగ్గర ఆగి, వేలు కింద పెట్టి, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయమ్మా అన్నాడు.